అరచేతికి సెలవు

నా చీరలన్నీ ఒకే చోట చిరుగుతాయి,
ఎడమ తొడ మీద, మోకాలికి జానెడు పైన.
అడుగు తీసినప్పుడల్లా అరచేయి అక్కడ అదమాలి.
లేకుంటే కాలు మడతపడి పోద్ది
వానకు తడిసిన అట్టపెట్టెలాగా.
కావలి ట్రంకురోడ్డులో బట్టలకొట్టు మాలకొండయ్య
చీర మడత విప్పి, నా మొహం కాదు, నా చెయ్యి చూసి చెప్తాడు:
"ఈ నేత గట్టిదమ్మా, ఏడాది ఆగుద్ది."

పుట్టిన రెండో ఏడు జ్వరమొచ్చింది.
మూడోనాడు పోయింది, పోతా పోతా కాలు తీసుకొని.
పావురం నెత్తురు పూసింది మా అమ్మ.
ఆరేళ్ళప్పుడు, గ్రహణం నాడు,
తుమ్మలపెంట రేవుకు బండి కట్టించి
తడి ఇసకలో గుంట తీసి
నడుం దాకా నన్ను పాతిపెట్టింది.
కాలు రాలేదు.
కానీ గ్రహణం విడిచిందాకా
ఎవురూ పట్టుకోకుండా నేను నిలబడి ఉండాను.
అమ్మ అది చూళ్ళేదు, కొంగులో ఏడుస్తా ఉన్నింది.
సముద్రం చూసింది.

తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కోటా ఉద్యోగం.
"హలో, కావలి" అంటే చాలు
నా గొంతు ఉదయగిరి కొండెక్కేది,
అల్లూరు పోయి వడ్ల ధర కనుక్కొనొచ్చేది.
ఎవురిదో కానుపు, ఎవురిదో చావు,
తీగె పీకి తీగె గుచ్చి కలిపేదాన్ని.
వింజమూరు నుంచి రోజూ ట్రంకాల్ అడిగే ఒకాయన
"గొంతును బట్టి మీరు మంచి పొడుగనుకుంటా" అన్నాడు.
అవునన్నాను.

అరవై దాటినాక కొత్త లెక్క మొదలైంది.
మంచికాలు (ఇన్నేళ్ళూ దాన్ని అట్టనే పిలిచాను, పేరు పెట్టినట్టు)
మెట్టు ముందర ఆగి ఆలోచిస్తా ఉండాది.
కార్తీకం చలికే పాదం చేపలాగా చల్లబడుతుంది.
మధ్యాన్నం మూడయ్యేసరికి
ఒళ్ళంతా డెడ్ లైను. ఎంత తిప్పినా పలకదు.

నెల్లూరు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు
వరండాలో నన్ను రెండుసార్లు నడిపించి
"పుస్తకంలో చదివానమ్మా, చూడ్డం ఇదే మొదలు" అన్నాడు సిగ్గుపడతా.
తోటి పిల్లల్ని పిలవమంటారా అని అడిగాడు.
పిలవమన్నాను.
మా తర్వాత ఈ నడక ఎవురికీ రాదు.
రాకూడదు.
అయినా ఆ పూట, కట్టక కట్టక వేషం కట్టినట్టు,
తప్పు పోకుండా నడవాలనిపించింది.

"చచ్చిన నరాల పని బతికిన నరాలు చేశాయమ్మా,
ఒక్కోటీ నలుగురి కూలి. అలిసిపోయినాయి.
ఇంక కష్టపడొద్దు."
కష్టపడొద్దంట!
నడువు, నడిస్తేనే వస్తుంది అన్నోళ్ళే అందరూ,
అమ్మా, అయివారూ, బస్సు కండక్టరూ.
ఇంటికొచ్చి మంచికాలును ఒళ్ళోకి లాక్కున్నాను.
దానికేం చెప్పాలో తెలీక
కొబ్బరినూనె రాశాను.

ఇప్పుడు స్టూలు మీద కూచొనే వంట.
బట్టలుతికిన రోజు బ్యాంకుకు పోను.
రైలు గేటు కాడ సైకిలు షాపు ఖాదర్‌వలి
(వాడికి రెండు కాళ్ళూ పోయినాయి, నోరు మాత్రం పోలా)
పాత స్కూటీకి అటొకటి ఇటొకటి చక్రాలు బిగించి
"ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటుండా కదక్కా,
చక్రమంటే ఓడిపోవడమా? గాలి కొట్టించుకుంటే చాలు" అన్నాడు.
ఇరవై ఏళ్ళూ వాడితో మాట్లాళ్ళేదు నేను, ఆ ఒక్క మాటకు.

నిన్న తుమ్మలపెంట పోయినాం, రెండు బండ్లలో.
ఇసక మొదట్లో బండ్లు ఆగిపోతే
వలలు బాగుచేసుకునే పిల్లోడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చేశాడు.
చెప్పులిడిచి, చీలమండల దాకా
తడి ఇసకలోకి నేనే దించుకున్నాను, రెండూ.
ఏ గుంట యాడ తీసిందో అమ్మ, గుర్తు లేదు.

అలవాటుకొద్దీ అరచేయి తొడ మీదికి పోయింది.
ఆడ దానికి పని లేదు.
కాసేపు ఏం తోచక ఊరికే ఉన్నింది.
ఖాదర్‌వలి ఉడకేసిన శెనక్కాయల పొట్లం విప్పాడు.
ఒక్కోటే తీసుకొని
ఒలస్తా ఉండాది ఇప్పుడు.